పట్టభద్రుల ఎమ్మెల్సీ ఓటు: ఫారం 18 నింపే ముందు, నింపిన తర్వాత

మానుకోట
వరంగల్-ఖమ్మం-నల్గొండ, మహబూబ్‌నగర్-రంగారెడ్డి-హైదరాబాద్ పట్టభద్రుల సీట్ల పదవీకాలం 2027 మార్చి 29తో అయిపోతది. ఓటు నమోదుకు ఇచ్చే ఫారం 18 గురించి వాట్సాప్‌ల తలా ఒకటి చెప్తున్నరు. ఇక్కడ తెలిసినోళ్లు సాఫ్‌గ చెప్పాలె. మొదటి ప్రశ్న: 2021ల ఓటు ఉన్నోళ్లు, మా దిక్కు 2024 ఉపఎన్నికల వేసినోళ్లు మళ్ల అప్లై చేయాల్నా? రెండోది: డిగ్రీ ఎప్పటిలోగ పాసై ఉండాలె?

జాబితా_పరిశీలన
చేయాలండీ. ఎక్కువమంది పొరపడేది ఇక్కడే కనుక ముందు దీని సంగతి చూద్దాం.

అసెంబ్లీ ఓటరు జాబితాలో ఒకసారి పేరు ఎక్కితే తొలగించేదాకా ఉంటుంది. పట్టభద్రుల జాబితా అలా కాదు. ప్రతి ఎన్నికకూ పాతది పక్కన పెట్టి మొదటి నుంచి కొత్తగా తయారు చేస్తారు. 2021లో ఉన్న పేరైనా, 2024లో ఉన్న పేరైనా దానంతటది కొత్త జాబితాలోకి రాదు. వరంగల్-ఖమ్మం-నల్గొండలో 2021లో సుమారు 5 లక్షల 5 వేల మంది ఓటర్లుంటే, 2024 మే 27 నాటి ఉపఎన్నికకు 4 లక్షల 63 వేలే మిగిలారు. మూడేళ్లలో డిగ్రీలు తెచ్చుకున్నవాళ్లు పెరిగారే గానీ తగ్గలేదు. మళ్లీ ఫారం ఇవ్వనివాళ్ల పేర్లే రాలేదు.

అర్హత తేదీ నవంబరు 1. జాబితా తయారీ ఏ సంవత్సరం మొదలైతే ఆ ఏడాది నవంబరు 1 అన్నమాట. 1950 ప్రజాప్రాతినిధ్య చట్టం సెక్షన్ 27లో ఉంది. ఆ తేదీకి డిగ్రీ పాసై కనీసం మూడేళ్లు నిండాలి. తయారీ 2026లో మొదలైతే 2023 నవంబరు 1 లోపు పాసై ఉండాలి.

ఓరుగల్లు_తోరణం
గతంలో తేదీలు ఎలా నడిచాయో చెబితే ఒక అంచనా వస్తుంది. 2025 ఫిబ్రవరి 27న పోలింగ్ జరిగిన సీట్లకు (మన దగ్గర మెదక్-నిజామాబాద్-ఆదిలాబాద్-కరీంనగర్, ఆంధ్రలో ఉభయగోదావరి, కృష్ణా-గుంటూరు) 2024 సెప్టెంబరు చివర పబ్లిక్ నోటీసు ఇచ్చారు. అక్టోబరు 15న, 25న మళ్లీ ప్రచురించారు. ఫారాలకు గడువు నవంబరు 6. ముసాయిదా జాబితా నవంబరు 23న, అభ్యంతరాలకు డిసెంబరు 9 వరకు సమయం, తుది జాబితా డిసెంబరు 30న.

ఉపఎన్నికకు నెలలు మారిపోతాయి. 2024 ఉపఎన్నికకు అర్హత తేదీ 2023 నవంబరు 1 అయినా ఫారాలు ఆ తర్వాత 2024లో కూడా తీసుకున్నారు. కాబట్టి నోటీసులో ఉన్న తేదీలనే పట్టుకోండి, పాత ఫార్వర్డ్ మెసేజీలను కాదు.

కొత్త_పట్టా
డౌట్ అన్నా. బీటెక్ ఫైనల్ సెమ్ 2023 ఏప్రిల్‌లో, రిజల్ట్ జూన్‌లో. ఓడీ (ఒరిజినల్ డిగ్రీ) మీద మాత్రం 2024 తేదీ ఉంది. అది చూసి మూడేళ్లు నిండలేదంటారా?

కాగితాల_పెట్టె
అనకూడదు తమ్ముడూ. మూడేళ్లు లెక్కపెట్టేది యూనివర్సిటీ ఫలితం ప్రకటించిన రోజు నుంచి. స్నాతకోత్సవం నుంచి కాదు, ఓడీ మీద సంతకం పడిన రోజు నుంచి కూడా కాదు. ఫలితం 2023 జూన్‌లో వచ్చింది కాబట్టి 2026 నవంబరు 1కి మూడేళ్లు దాటాయి. నువ్వు అర్హుడివే.

అయితే ఫారం చూసే ఉద్యోగికి కనిపించేది నువ్వు జతచేసిన కాగితమే. ఓడీ ఒక్కటే పెడితే 2024 అని చూసి పక్కన పెట్టే ప్రమాదం ఉంది. ఓడీతో పాటు ప్రొవిజినల్ సర్టిఫికెట్, సీఎంఎం (మార్కులన్నీ కలిపి ఇచ్చే కన్సాలిడేటెడ్ మెమో) రెండూ జతచెయ్యి. సీఎంఎంలో ఆఖరి పరీక్ష నెల, సంవత్సరం ఉంటాయి. "ఏప్రిల్ 2023" అని కనిపిస్తే ఇక అడిగేదేం ఉండదు.

దీనికి తిరకాసు కూడా ఉంది. బ్యాక్‌లాగ్ ఉండి 2023 అక్టోబరు సప్లీలో రాసి, ఫలితం డిసెంబరులో వచ్చిందనుకో. మెమో మీద "అక్టోబరు 2023" అనే ఉంటుంది. చూడటానికి అర్హత ఉన్నట్టే కనిపిస్తుంది గానీ లేదు, ఎందుకంటే ఫలితం నవంబరు 1 దాటాక వచ్చింది. ఫారం కింద డిక్లరేషన్ మీద సంతకం మనదే. తెలిసి తప్పు రాస్తే సెక్షన్ 31 కింద ఏడాది వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. అలాంటివాళ్లు తర్వాతి ఎన్నిక దాకా ఆగాల్సిందే.

మానుకోట
పీజీ చేసినోళ్లు పీజీ సర్టిఫికెట్ పెట్టాల్నా, డిగ్రీదా?

కాగితాల_పెట్టె
ఈ ప్రశ్న అడిగినందుకు సంతోషం. మొదటి డిగ్రీదే పెట్టాలి. 2019లో బీకాం పాసై 2025లో ఎంబీఏ చేసినవాళ్లు, పెద్ద చదువు కదా అని ఎంబీఏ కాగితం ఒక్కటే పెడతారు. అధికారి చేతిలో ఉన్నది 2025 కాగితం, మూడేళ్లు నిండలేదు, తిరస్కరణ. పక్కా అర్హత ఉన్న ఓటు అలా పోతుంది. ఎల్ఎల్‌బీ, బీఈడీ చేసినవాళ్లకూ ఇదే మాట. మీ దగ్గరున్న డిగ్రీల్లో అన్నిటికన్నా పాతది తీసి పెట్టండి. ఫారంలో విద్యార్హత గడిలోనూ ఆ డిగ్రీ, ఆ సంవత్సరమే రాయండి. గడిలో "ఎంబీఏ" రాసి, జతలో బీకాం పెడితే మళ్లీ తకరారే.

ఇంటర్, పాలిటెక్నిక్ డిప్లొమా చాలవు. దూరవిద్య డిగ్రీకి ఏ ఇబ్బందీ లేదు, గుర్తింపు ఉన్న విశ్వవిద్యాలయం ఇచ్చినదైతే సరి.

గోదారి_లంక
అటెస్టేషన్ గురించి ఎవరైనా విడమరిచి చెప్పండి. జిరాక్సు మీద మనమే సంతకం పెట్టి ఇస్తే సరిపోతుందా?

జాబితా_పరిశీలన
ఒక్క మన సంతకమే సరిపోదండీ. జిరాక్సు మీద మీ సంతకం ఉండాలి. దాన్ని ఒరిజినల్‌తో సరిచూసి గెజిటెడ్ అధికారి గానీ, నోటరీ గానీ, ఫారం తీసుకునే అధికారి గానీ ధ్రువీకరించాలి. తేలికైన పద్ధతి చెబుతాను. ఒరిజినల్, జిరాక్సు రెండూ తీసుకుని తహసీల్దార్ కార్యాలయానికో, నోటీసులో చెప్పిన కేంద్రానికో వెళ్లండి. వాళ్లు అక్కడికక్కడే చూసి ఒరిజినల్ తిరిగి ఇచ్చేస్తారు. నోటరీ ఖర్చు ఉండదు, తర్వాత ఎవరో వచ్చి అడుగుతారన్న బెంగా ఉండదు.

గెజిటెడ్ సంతకం చేయిస్తే ఆయన పేరు, హోదా ముద్ర స్పష్టంగా పడాలి. ముద్ర అలుక్కుపోయి పేరు చదవలేకపోతే ఆ అటెస్టేషన్‌ను లెక్కలోకి తీసుకోకపోవచ్చు.

ప్రధాన ఎన్నికల అధికారి వెబ్‌సైట్‌లో ఆన్‌లైన్‌గా పెట్టినా ఒరిజినల్ చూపించే పని తప్పదు. విచారణకు ఇంటికి వచ్చినప్పుడు మీరు లేకపోతే, ఇంట్లో ఉన్నవాళ్లకు ఆ సర్టిఫికెట్ ఎక్కడుందో తెలియాలి. దరఖాస్తు చేయగానే వచ్చే రిఫరెన్స్ నంబరు రాసిపెట్టుకోండి, స్థితి తెలుసుకోవడానికి అదే ఆధారం.

గోదారి_లంక
డిగ్రీ సర్టిఫికెట్టే పోయినవాళ్లో?

జాబితా_పరిశీలన
దారులున్నాయి. పాసైనట్టు స్పష్టంగా ఉన్న మార్కుల జాబితా ధ్రువీకరణతో చాలు. రిజిస్టర్డ్ గ్రాడ్యుయేట్ కార్డు, న్యాయవాదుల రోల్‌లో గానీ వైద్యుల రిజిస్టరులో గానీ చార్టర్డ్ అకౌంటెంట్ల రిజిస్టరులో గానీ మీ పేరున్న పుట నకలు కూడా పనికొస్తాయి. ప్రభుత్వోద్యోగులకు ఆఫీసు రికార్డులో డిగ్రీ నమోదై ఉంటే, ఆ ఎంట్రీని అధికారి ధ్రువీకరించి ఇవ్వవచ్చు. ఇవేవీ లేకపోతే అఫిడవిట్, దానికి తోడు విశ్వవిద్యాలయం రిజిస్ట్రారో కాలేజీ అధిపతో ఇచ్చే పత్రం. డూప్లికేట్ ఓడీ వచ్చేసరికి గడువు దాటిపోతుంది. దానికోసం కూర్చోకుండా కన్సాలిడేటెడ్ మెమోతో వెళ్లండి.

పెన్నాతీరం
పెళ్లయిన ఆడవాళ్ల సమస్య ఎవరూ ఎత్తలేదు. డిగ్రీ మీద పుట్టింటి ఇంటిపేరు, తండ్రి పేరు. ఆధార్, ఓటరు కార్డుల మీద అత్తింటి ఇంటిపేరు, భర్త పేరు. ఇలాంటప్పుడు ఫారంలో ఏ పేరు రాయాలి?

కాగితాల_పెట్టె
మేడమ్, ఫారంలో ఇప్పుడు వాడుకలో ఉన్న పేరు, అంటే ఓటరు కార్డు మీద ఉన్నది రాయడం మంచిది. పోలింగ్ రోజు చూపేది ఆ కార్డే కదా. ఇక డిగ్రీకీ దానికీ లంకె వేసే కాగితం ఒకటి జతచేయాలి. పెళ్లి రిజిస్ట్రేషన్ పత్రం ఉంటే సమస్య లేదు. లేకపోతే "ఫలానా పేరూ, ఫలానా పేరూ నావే" అని నోటరీ అఫిడవిట్. బంధువు పేరు రాసే చోట తండ్రి, తల్లి, భర్త అన్న ఎంపికలుంటాయి. భర్త పేరు రాసి "తండ్రి"కి టిక్ పెట్టడం తరచుగా జరిగే తప్పు. జాబితాలో అది అలాగే అచ్చవుతుంది.

మగవాళ్లకూ ఈ బాధ ఉంది. పదో తరగతి మెమోలో "కె. శ్రీనివాస్", ఆధార్‌లో "కొండపల్లి శ్రీనివాసరావు" అన్నట్టు. పొడి అక్షరాల తేడాకు సాధారణంగా అభ్యంతరం రాదు, తండ్రి పేరు, పుట్టిన తేదీ కలిస్తే. "రావు" తోడైనా, అసలు పేరే మారినా మాత్రం అఫిడవిట్ పెట్టండి.

ఓరుగల్లు_తోరణం
ఇంకో గందరగోళం జిల్లాలది. పట్టభద్రుల నియోజకవర్గాల పేర్లు పాత ఉమ్మడి జిల్లాలవి, హద్దులూ వాటివే. మీ మండలం ఇప్పుడు ఏ కొత్త జిల్లాలో ఉన్నదన్నది చూడకండి, పాత జిల్లా ఏదో చూడండి. చేర్యాల ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో ఉంది, కానీ పాత వరంగల్ జిల్లాది కాబట్టి వరంగల్-ఖమ్మం-నల్గొండ కిందికి వస్తుంది. అదే సిద్దిపేట పట్టణం మెదక్-నిజామాబాద్-ఆదిలాబాద్-కరీంనగర్‌లో ఉంటుంది. ఒక్క కలెక్టరేట్ కింద రెండు నియోజకవర్గాలన్నమాట. ఆన్‌లైన్ ఫారంలో నియోజకవర్గం ఎంచుకునేటప్పుడు ఇక్కడ పొరపాటు జరిగితే దరఖాస్తు వేరే అధికారికి వెళ్తుంది.

కృష్ణలంక
ఆంధ్రలోనూ అంతేనండి. నూజివీడు ఇప్పుడు ఏలూరు జిల్లాలో ఉన్నా పట్టభద్రుల ఓటు కృష్ణా-గుంటూరులోనే. ఆంధ్రలో పట్టభద్రుల సీట్లు ఐదు. ఉత్తరాంధ్ర, ప్రకాశం-నెల్లూరు-చిత్తూరు, కడప-అనంతపురం-కర్నూలు సీట్లకు 2023 మార్చి 13న పోలింగ్ జరిగింది. ఆరేళ్ల పదవీకాలం కనుక ఉపఎన్నిక రాకపోతే వాటి తర్వాతి నమోదు 2028 చివర్లో. మిగతా రెండూ 2025వి, ఇంకా దూరం.

బెంగళూరు_తెలుగు
నమస్తే. డిగ్రీ ఆంధ్రా యూనివర్సిటీది, ఉద్యోగం, కాపురం బెంగళూరులో. సొంత ఇల్లు విజయవాడలో ఉంది. ఓటు ఎక్కడ?

జాబితా_పరిశీలన
బెంగళూరులో. డిగ్రీ ఎక్కడిదన్నది చూడరు, భారతదేశంలోని ఏ విశ్వవిద్యాలయమైనా సరే. చూసేది మీ మామూలు నివాసం. ఊళ్లో ఇల్లు ఉన్నంత మాత్రాన అక్కడి నివాసి అయిపోరని చట్టం విడిగా చెప్పింది. కర్ణాటకకూ శాసనమండలి ఉంది, బెంగళూరు పట్టభద్రుల నియోజకవర్గమూ ఉంది. అక్కడి నోటీసు వచ్చినప్పుడు ఫారం 18 అక్కడే ఇవ్వండి. రెండుచోట్ల ఇస్తే ఏదో ఒక డిక్లరేషన్ అబద్ధమవుతుంది.

మండలి ఉన్నవి ఆరు రాష్ట్రాలు: ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, కర్ణాటక, మహారాష్ట్ర, ఉత్తరప్రదేశ్, బిహార్. చెన్నైలో స్థిరపడ్డ తెలుగువాళ్లకు ఈ ఓటు ఎక్కడా ఉండదు, తమిళనాడుకు మండలి లేదు కాబట్టి. హైదరాబాద్‌లో పేయింగ్ గెస్ట్ హాస్టళ్లలో ఉండి ఉద్యోగం చేసేవాళ్లు కూడా, నిజంగా ఉంటున్నది హైదరాబాద్‌లోనే అయితే అక్కడే దరఖాస్తు చేయాలి.

డబ్లిన్_తెలుగు
విదేశాల్లో ఉన్నవాళ్లకు?

జాబితా_పరిశీలన
రాజ్యాంగం 171వ అధికరణంలో "ఆ రాష్ట్రంలో నివసించే" పట్టభద్రులు అని ఉంది. విదేశంలో స్థిరపడితే ఈ ఓటు రాదు. ఆఫీసు పని మీద కొన్నాళ్లు వెళ్లి వచ్చేవాళ్ల సంగతి వేరు, తాత్కాలికంగా లేనంత మాత్రాన నివాసం పోదు.

మీరున్న ఐర్లాండ్‌లో పద్ధతి పూర్తిగా వేరు. అక్కడి పార్లమెంటు ఎగువసభ షానద్‌లో పట్టభద్రులు ఎన్నుకునే సీట్లు ఆరున్నాయి. ఇన్నాళ్లూ నేషనల్ యూనివర్సిటీ వాళ్లకు మూడు, ట్రినిటీ వాళ్లకు మూడు. 2023లో అక్కడి సుప్రీంకోర్టు తీర్పు తర్వాత 2024లో చట్టం మార్చి, ఆరూ కలిపి ఒకే ఉన్నత విద్యా నియోజకవర్గం చేశారు. అక్కడ ఐరిష్ పౌరసత్వం, గుర్తించిన ఐరిష్ సంస్థ పట్టా కావాలి. పోస్టు ద్వారా ఓటు కాబట్టి దేశం బయట ఉన్నా వేయవచ్చు. మనకు నివాసం ముఖ్యం, వాళ్లకు పౌరసత్వం, పట్టా ముఖ్యం. ఐరిష్ పౌరసత్వం తీసుకుని అక్కడే డిగ్రీ చేసిన తెలుగువాళ్లు ఒకసారి చూసుకోండి.

మన రాజ్యసభలో ఇలాంటి సీట్లు లేవు. ఇక్కడి ఎన్నికను ఎమ్మెల్యేలు చేస్తారు. "పెద్దల సభ" అనగానే కొందరు రాజ్యసభనూ శాసనమండలినీ కలిపేస్తున్నారు.

బడిపంతులు
టీచర్లకు ఫారం 19 కదా. ఇప్పుడే రెండూ ఇవ్వాలా?

ఓరుగల్లు_తోరణం
సార్, ఒకే వ్యక్తి రెండు జాబితాల్లోనూ ఉండొచ్చు, కానీ 2027 మార్చికి ఖాళీ అయ్యేవి పట్టభద్రుల సీట్లే. వరంగల్-ఖమ్మం-నల్గొండ ఉపాధ్యాయ సీటుకు 2025లో, మహబూబ్‌నగర్-రంగారెడ్డి-హైదరాబాద్ ఉపాధ్యాయ సీటుకు 2023లో ఎన్నిక అయిపోయింది. కాబట్టి మీరు ఇవ్వాల్సింది ఫారం 18. ఉపాధ్యాయ ఓటుకు అర్హత వేరే: అర్హత తేదీకి ముందు ఆరేళ్లలో కనీసం మూడేళ్లు హైస్కూలు స్థాయికి తగ్గని సంస్థలో బోధించి ఉండాలి.

మానుకోట
పార్టీలోళ్లు ఇంటింటికి తిరిగి ఫారాలు జమ చేసుకుంటున్నరు. ఇయ్యొచ్చునా?

జాబితా_పరిశీలన
ఇవ్వకండి. గుంపుగా తెచ్చిన దరఖాస్తులు తీసుకోకూడదన్నది నియమం, నేరుగా తెచ్చినా పోస్టులో పంపినా అంతే. మినహాయింపులు రెండే. ఒకే ఇంట్లో ఉండే కుటుంబసభ్యుల ఫారాలు ఒకరు తీసుకెళ్లవచ్చు. ఆఫీసు లేదా విద్యాసంస్థ అధిపతి తన ఉద్యోగుల ఫారాలన్నీ కలిపి పంపవచ్చు. అప్పుడు కూడా ప్రతి ఫారానికీ దాని కాగితాలు దానికే ఉండాలి. పార్టీ కార్యకర్త సంచిలో వేసిన ఫారం గడువులోగా కార్యాలయానికి చేరిందో లేదో మీకు తెలిసే మార్గం లేదు. మీ చేత్తో ఇచ్చి రసీదు తీసుకోండి.

కొత్త_పట్టా
అప్లై చేశాక ముసాయిదాలో పేరు లేకపోతే?

జాబితా_పరిశీలన
అభ్యంతరాల గడువులో మళ్లీ ఫారం 18 ఇవ్వొచ్చు. పేరు, ఇంటి నంబరు తప్పు పడితే ఫారం 8. అనర్హుల పేరు మీద అభ్యంతరానికి ఫారం 7. తుది జాబితా వచ్చాక కూడా చేర్పులు కొనసాగుతాయి, కానీ నామినేషన్ల ఆఖరి తేదీ దాటితే చేర్చడానికి చట్టం ఒప్పుకోదు. విచారణకు రోజులు పడతాయి కాబట్టి ఆ తేదీ దాకా లాగొద్దు. ముసాయిదా వచ్చిన రోజే చూసుకోవడం మేలు. పోలింగ్ కేంద్రం కూడా అక్కడే చూసుకోండి. అసెంబ్లీకి ఓటేసిన బడే ఉంటుందనుకోకండి.

లెక్కింపు_బల్ల
ఇంత కష్టపడి నమోదు చేసుకున్న ఓటు బ్యాలెట్ మీద పాడైపోకూడదని ఒక మాట. 2025లో మెదక్-నిజామాబాద్-ఆదిలాబాద్-కరీంనగర్ పట్టభద్రుల లెక్కింపులో చెల్లినవి 2,23,343. చెల్లనివి 28 వేలకు పైగా. అన్నీ డిగ్రీ చదివినవాళ్ల ఓట్లే. గెలుపు కోటా చెల్లిన ఓట్లలో సగానికి ఒకటి ఎక్కువ, అంటే 1,11,672. మొదటి ప్రాధాన్య ఓట్లలో, అంటే 1 అంకె పడినవాటిలో, ఎవరూ దాని దగ్గరికి కూడా రాలేదు.

ఇది యంత్రం కాదు, కాగితం. బ్యాలెట్‌తో పాటు వంగపండు రంగు స్కెచ్ పెన్ ఇస్తారు. దానితోనే రాయాలి, జేబులో పెన్ను తీయొద్దు. మీకు నచ్చిన అభ్యర్థి పేరు ఎదుట గడిలో 1 అంకె వేయండి. 2, 3 ఇష్టమైతేనే. 1 లేకుండా 2 మాత్రమే ఉంటే చెల్లదు. 1ని ఇద్దరికి వేసినా చెల్లదు. టిక్కు, ఇంటూ మార్కు, "ఒకటి" అని అక్షరాల్లో రాయడం, సంతకం, "జై" అని రాయడం, ఏదున్నా ఓటు పోయినట్టే. రెండు గడుల మధ్య గీత మీద అంకె పడితే ఎవరికి వేశారో తేలదు.

హైదరాబాద్ సీటుకు 2021లో 93 మంది పోటీ చేశారు, బ్యాలెట్ దినపత్రికంత వచ్చింది. అంత కాగితంలో పేరు వెతికేటప్పుడు తొందరపడితే పక్క వరుసలో పడుతుంది. అభ్యర్థి క్రమసంఖ్య ముందే గుర్తుపెట్టుకుని వెళ్లండి. పార్టీ గుర్తులు ఉండవు, ఫోటో ఉంటుంది.

పెన్నాతీరం
ఓటరు కార్డు లేకపోతే పోలింగ్ రోజు ఏం చూపించాలి?

లెక్కింపు_బల్ల
ఆధార్, పాస్‌పోర్టు, డ్రైవింగ్ లైసెన్సు, పాన్ ఇవన్నీ నడుస్తాయి మేడమ్. ఈ ఎన్నికలో అదనంగా విశ్వవిద్యాలయం ఇచ్చిన డిగ్రీ ఒరిజినల్‌ను కూడా గుర్తింపు పత్రంగా ఒప్పుకుంటారు. జిరాక్సు మాత్రం చెల్లదు. ఏ పత్రం తెచ్చినా జాబితాలో పేరుండాలి. లేకపోతే ఓటరు కార్డు చూపించినా వేయనివ్వరు.

మానుకోట
అర్థమైందన్నా. మా ఇంట్ల నలుగురికి నాలుగు ఫారాలు, అందరివీ మొదటి డిగ్రీ సీఎంఎంలు, జిరాక్సులు, ఒరిజినల్స్. నోటీసు రాంగనే ఒక్కరమే తహసీల్దార్ ఆఫీసుకు పట్టుకపోతే సరిపోతదా, నలుగురం పోవాల్నా?

జాబితా_పరిశీలన
ఒకే ఇల్లు, ఒకే చిరునామా అయితే ఒక్కరు చాలు. నాలుగు ఫారాల మీదా ఎవరి సంతకం వాళ్లు పెట్టి, ఎవరి ఫోటో వాళ్లది అంటించి ఉండాలి. నలుగురి ఒరిజినల్స్ తీసుకెళ్లండి, నాలుగు రసీదులు విడివిడిగా అడిగి తీసుకోండి.